చెంగు కింద పాట

"ఐదొందలు!" అంది వినీల, ముందు వరసలోంచి లేచి.

నాలుగు వరసల వెనక స్తంభం చాటున కూర్చున్న ఇన్నమ్మకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ముసునూరు మరియమ్మ గుడిలో ఆదివారం పూజ అయ్యాక కానుకల వేలం జరుగుతోంది. కోళ్ళూ గుమ్మడికాయలూ అయిపోయాయి. మిగిలింది తొలికోత చిన్నరసాల మామిడి బుట్ట. అది ఎవరికి దక్కితే వాళ్ళ పేరు ఫాదర్ గారు మైకులో చదివి మరీ దీవిస్తారు. మూడేళ్ళుగా ఆ పేరు వినీలదే. రైల్వేలో గ్యాంగ్‌మన్ పాల్ రాజు భార్య, ఇన్నమ్మకి సాక్షాత్తూ తోడికోడలు.

"చూశారా అమ్మా," అంది ఇన్నమ్మ పక్కనున్న సుజాత చెవిలో. "జీతాలు చాలట్లేదని ఇరవై రోజులుగా రైళ్ళాపి కూర్చున్నారు. చాలనోళ్ళు బుట్టకి ఐదొందలు పెడతారా? గవర్నమెంటోళ్ళకి పని మానేసినా డబ్బులు పడిపోతాయి. మామిడి యార్డులో పొద్దస్తమానం కాయలేరితే నాకు మిగిలింది నడుం నొప్పి!"

సుజాత మామిడి యార్డు దళారి భార్య. సేట్లు తువాలు కింద వేళ్ళు నొక్కి, పక్కవాడికి తెలియకుండా బేరాలాడే పద్ధతి ఆవిడకి కొట్టిన పిండి. ఏళ్ళ తరబడి చూసి ఇన్నమ్మకీ వచ్చు.

"నా బదులు మీరు పాడండమ్మా. నేను లేస్తే కూలిదానికి ఇదేం పోయేకాలమని నవ్వుతారు. వేలు నొక్కితే వంద పెంచండి, గుప్పిట పడితే ఐదొందలు."

సుజాతకి సరదా పుట్టింది. చెంగు కింద చెయ్యి ఇచ్చింది. ఇన్నమ్మ ఒక వేలు నొక్కింది.

"ఆరొందలు!"

"ఏడొందలు," అంది వినీల వెంటనే.

"ఏడొందలు ఒకటోసారి..." అని వేలం పాడిస్తున్న ఉపదేశి గొంతెత్తాడో లేదో, తోట రైతు బుచ్చయ్య లేచాడు.

"రైళ్ళాపి మా నోట్లో మట్టి కొట్టారు కదమ్మాయ్! ఢిల్లీకి లారీ కిరాయి రెండింతలైంది. మీ జీతాలు పెంచుకుంటూ పోతే సరుకుల ధరలు ఇంకా పెరగవూ?"

"ధరలు పెరిగాయి గనకే జీతం అడుగుతున్నాం బాబాయ్," అంది వినీల. "మీ కాయకి ధర మీరడగరా?"

"మేమడిగితే ఎవడిచ్చాడు?"

సగం గుడి ఇటు, సగం గుడి అటు అయింది. "ఇది గుడి నాయనా, టీవీ కాదు," అని ఫాదర్ గారు చెయ్యెత్తితే గానీ సద్దుమణగలేదు.

ఇన్నమ్మ కళ్ళు మాత్రం వినీల మెడ మీదే ఉన్నాయి. ఎప్పుడూ ఉండే గొలుసు లేదు. 'ఇంట్లో దాచి వచ్చింది నంగనాచి! సమ్మెలో ఉన్నారు పాపం అని జనం జాలిపడాలి కదా!' అనుకుని గుప్పిట పట్టేసింది.

"పన్నెండొందలు!"

"పదమూడొందలు."

మళ్ళీ గుప్పిట. మళ్ళీ వంద. మళ్ళీ గుప్పిట. పాట రెండు వేలు దాటింది.

ఇన్నమ్మ కొంగు ముడిలో ఉన్నవి సరిగ్గా రెండు వేలు. పాప హాస్టలు ఫీజుకి దాచినవి. మిగతాది ఢిల్లీ లారీ మీద లోడింగుకి వెళ్ళిన మొగుడు రాయప్ప పంపాలి. వెళ్ళి పది రోజులైనా అతగాడి దగ్గర్నించి కబురు లేదు.

"ఇన్నమ్మా, ఇక చాలు. పాట నీ మీద పడితే కడతావా?" అంది సుజాత.

"పడదమ్మా. అది వదలదు. దాని పొగరు నాకు తెలీదా?"

బుట్ట మీద ఆశ ఎప్పుడో పోయింది ఇన్నమ్మకి. పాడుకుంటే పాడుకోనీ, మైకులో పేరు చదివించుకోనీ. ఆ రైల్వే జీతం మాత్రం నున్నగా ఊడ్చుకుపోవాలి. చెంగు కింద గుప్పిట బిగుస్తూనే ఉంది. మూడు వేలు దాటింది. నాలుగు వేలు దాటింది.

"నాలుగు వేల ఎనిమిదొందలు!" అంది సుజాత.

వినీల లేవలేదు. ఫోను తీసి చూసుకుంటోంది.

"ఒకటోసారి..."

ఇన్నమ్మ రెండో చేత్తో కొంగు ముడి తడుముకుంది.

"రెండోసారి..."

పాప ఫీజు కళ్ళముందు తిరిగింది. 'మరియమ్మ తల్లీ, ఈ ఒక్కసారికి దానిచేత పాడించు! మళ్ళీ ఎవరినీ చూసి ఏడవను!' అని మొక్కుకుంది.

వినీల మెల్లగా లేచింది. "ఐదు వేలు."

ఇన్నమ్మ చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని ఉపదేశి గంట కొట్టాడు.

మూడేళ్ళ కడుపుమంట ఆ గంటతో చల్లారింది. 'పిండేశాను,' అనుకుంది ఇన్నమ్మ. మొక్కిన మొక్కు అప్పుడే మర్చిపోయింది.

వినీల ఫాదర్ గారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మైకు అందుకున్నారు. "ఈ ఏడు తొలికోత బుట్ట... రాయప్ప భార్య ఇన్నమ్మ గారిది!"

గుడంతా వెనక్కి తిరిగింది. వినీల బుట్ట మోసుకొచ్చి, బిక్కచచ్చి కూర్చున్న ఇన్నమ్మ ఒళ్ళో పెట్టింది.

"బావగారు ఐదు వేలు పంపారక్కా. నీ ఫోన్లో డబ్బులు పడవు కదా, నా ఫోనుకి వేశారు. సమ్మెకి జీతం ఆగిపోయి గొలుసు కుదువబెట్టుకున్నదాన్ని, నాకెక్కడివి?" అంటూ సుజాత వైపు గుర్రుగా చూసి, గొంతు తగ్గించింది. "'ఎంతైనా వదలొద్దు, ఈసారి బుట్ట మీ అక్కకే దక్కాలి, మిగిలింది పాప ఫీజుకి తన చేతికివ్వు' అన్నారు. ఐదు వేలూ అయిపోయాయక్కా. ఈవిడగారిని ఏ పాపిష్టిది ఎగదోసిందో గానీ!"