సీసీ మేడం ఫోన్

కమ్లికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. బిడ్డ పెద్దయ్యాక, 'అమ్మా, నువ్వెంత చదివినవ్?' అని అడుగుతుందేమోనని.

కడుపుతో ఉన్నప్పుడు డిగ్రీ సగంలో ఆగిపోయింది. భద్రాచలం కాలేజీకి బస్సులు మారి పోవాలి.

అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలో రాలిన పండ్లు ఏరుతుంటే ఫోన్ మోగింది.

"కమ్లీ, చదువెందుకు ఆపినవమ్మా?"

"ఎవరు మీరు?"

సిగ్నల్ సరిగా లేదు. దగ్గు వినబడింది, దాని వెనకే సగం మాట. "...సీని."

సీసీ. మహిళా సంఘాల మీటింగులు పెట్టించే కొత్త మేడం అనుకుంది. పోయిన మీటింగుకు కమ్లి పోలేదు.

"ఈసారి మీటింగుకు తప్పకుండ వస్త మేడం. పిల్లకు జరం ఉండె."

అవతల నవ్వు. "మీటింగు సంగతి ఉండనీ. పరీక్షలు ఎప్పుడు రాస్తవ్?"

పక్కనే పండ్లు ఏరుతున్న అత్త సక్రి తలెత్తింది. "ఎవలే?"

"సీసీ."

"నీ చదువుతోని గామెకేం పని?"

అప్పటి నుంచి ఆదివారాలు ఫోన్ వచ్చేది. పిల్ల తిన్నదా, ఏ పాఠం దగ్గర ఆగినవ్, ఏది అర్థం కాలేదు. మధ్యమధ్య దగ్గు.

"కాలేజీ దూరం మేడం. పాలు తాగే పిల్ల."

"దగ్గరికే తెప్పిద్దాం."

సక్రి పకపకా నవ్వింది. "సీసీ పిలిస్తే కాలేజీ నడిచొస్తదా?"

నడిచే వచ్చింది. అశ్వారావుపేటలోనే పరీక్షా కేంద్రం తెరిచారు.

ఆ కబురు చెబుదామని కమ్లి ఫోన్ చేస్తే స్విచాఫ్. తర్వాతి ఆదివారమూ అంతే.

పిల్లను చంకనేసుకుని కేంద్రానికి వెళ్లింది. అక్కడున్న ప్రమీలారాణి టీచర్, కమ్లి పేరు వినగానే లేచింది.

"కమ్లివా? నీ గురించి మా మేడం చెప్పిపెట్టిండ్రు. పరీక్ష రోజు పిల్లను చూసుకోను ఆయమ్మ ఉంటది."

"సీసీ మేడమా?"

"సీసీ ఎవరు? చదువు ఆపిన పిల్లలకు ఫోన్లు చేయాలని మా మేడమే టీచర్లకు తలా కొందరిని పంచిండ్రు. తన వంతుకు తనూ తీసుకున్నరు. పోయిన నెల పదవి అయిపోయింది. పానం బాగలేక ఎటో పోయిండ్రు."

"పదవి ఏంది టీచర్?"

"ఆమె వీసీ, కమ్లీ. మన యూనివర్సిటీ మొత్తానికి పెద్ద."

దగ్గు తగ్గిందా అని కమ్లి ఒక్కసారన్నా అడగలేదు.

ఆదివారం ఫోన్ పక్కన పెట్టుకుని ఇప్పటికీ చదువుకుంటుంది.

ఆ వీసీ మేడం మీ వీధిలో ఉన్నట్టయితే, ఒకసారి తలుపు తట్టి దగ్గు ఎలా ఉందో కనుక్కోండి. కమ్లి పరీక్ష రాస్తోందని చెప్పండి.