ముందు చేసినవాడు

“దీన్ని బాగుచేయిస్తే సరిపోతుందా, కొత్తదే వేయించాలా?”

వచ్చినాయన తువ్వాలు విప్పి, పాత కార్బొరేటర్‌ను బల్ల మీద పెట్టారు. బండి తేలేదు. నడిచి వచ్చినట్టున్నారు, చెప్పులనిండా దుమ్ము.

మెకానిక్ దాన్ని చేతిలోకి తీసుకోకుండానే అడిగాడు. “ఎవడండీ దీన్ని ముట్టుకున్నది?”

అది అతని అలవాటు. అతనిదే ఏమిటి, ఆ పనిలో ఉన్న సగంమందిది. ఏ బండి వచ్చినా ముందు చేసినవాణ్ణి నాలుగు తిట్టందే మూత విప్పరు. తిడితే వచ్చినవాడు కంగారుపడతాడు. కంగారుపడ్డవాడు బేరమాడడు. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా వృథా పోలేదు.

“ఎవరో ఒకరు చేశారు లెండి. మీరు చూసి చెప్పండి.”

“చూసేదేముంది, ఎదురు షాపు బక్కాయనేగా?” మెకానిక్ రోడ్డు అవతలికి గడ్డం ఎగరేశాడు. అక్కడొక సన్నటి మనిషి గొంతుక్కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే షాపు. విడిపోయాక మాటల్లేవు. ఈమధ్య బళ్ళన్నీ అటే తిరుగుతున్నాయి.

“నేనెవరి పేరూ చెప్పలేదండీ.”

“మీరు చెప్పక్కర్లేదు. పనే చెబుతుంది.”

నాలుగు మరలూ తీసి మూత విప్పాడు. పైన మట్టి గట్టిపడి ఉందిగానీ లోపల వంక పెట్టడానికేమీ లేదు. పెట్రోలు వెళ్ళే జెట్లు శుభ్రంగా ఉన్నాయి. సూది వంగలేదు. స్లైడును వేలితో పైకెత్తి వదిలితే మెత్తగా జారి కిందికి దిగింది. చేసినవాడెవడో ఓపికగా చేశాడు అనుకున్నాడు. తుడిచి బిగిస్తే ఇంకో ఐదేళ్ళు ఢోకా లేదు.

“అబ్బే, లాభం లేదండీ,” అన్నాడు పెదవి విరిచి. “కొత్తది వేయాల్సిందే.”

“బాగుచేసినా?”

“చచ్చినదానికి సూదిమందు వేసి ఏం చేస్తాం?”

ఆయన తువ్వాలును చిన్నగా మడిచారు. మళ్ళీ విప్పి మడిచారు. “ఏమైంది దానికి?”

“ఇదిగో, ఈ స్లైడు చూడండి. రేసు తిప్పితే లేచేది ఇదే. వదిలితే దిగాలి. ముందు చేసినవాడు గరుకు కాగితం పెట్టి గీకి తగలేశాడు. లేచిందంటే పైనే పట్టేసుకుంటుంది. మీరు రేసు వదిలినా బండి వదలదు.”

“అప్పుడు బ్రేకు వేస్తే?”

“వేస్తే మాత్రం ఆగుతుందా? ఎదురుగా ఏదుంటే దాన్ని గుద్దుకోవడమే.”

“ఖాయంగా అదేనంటారా?”

“మీరేం చేస్తుంటారు?”

“బడిలో పాఠాలు చెబుతాను.”

“మరి పిల్లవాడి పేపరు చేతికిస్తే తప్పెక్కడుందో చెప్పలేరా మాస్టారూ? ఇదీ అంతే.”

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“ఇది మా అబ్బాయి బండిదండీ. మూడు నెలలైంది. దిగుడు రోడ్డు మలుపులో ఆగున్న లారీని గుద్దేశాడు.”

మెకానిక్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. “అబ్బాయికి...”

“అక్కడే పోయాడు.” పాఠం చదివినంత నిదానంగా చెప్పారు. “అతివేగం, నిర్లక్ష్యం అని రాశారు స్టేషన్లో. వాళ్ళమ్మ నమ్మదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నన్ను ఒక్కటే అడుగుతుంది, మనవాడు అలా తోలతాడా అని. నాకు సైకిలు తప్ప రాదు. ఏం చెప్పను? ఆ ప్రమాదానికి నాలుగు రోజుల ముందే వాడు ఈ కార్బొరేటర్ బాగుచేయించాడు. అందుకని ఇది విప్పించి తెచ్చాను. తప్పు వాడిదో కాదో తెలిస్తే చాలండీ.”

నిజం చెప్పడానికి అదే అదను. ఇందులో ఏ లోపమూ లేదు మాస్టారూ, అలవాటుకొద్దీ అన్నాను అంటే సరిపోయేది. మెకానిక్ నోరు తెరిచాడు కూడా. అప్పుడే రోడ్డవతల ఇంకో బండి వచ్చి ఆగింది. బక్కాయన నవ్వుతూ ఎదురెళ్ళాడు.

“మీవాడి తప్పు కాదు మాస్టారూ,” అన్నాడు మెకానిక్.

మాస్టారి కళ్ళు మూతపడ్డాయి. మూడు నెలల్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

“అదే కాగితం మీద రాసిస్తారా? వాళ్ళమ్మకు చదివి వినిపించాలి. తర్వాత స్టేషన్లో ఇస్తాను.”

“అయ్యో, ఎంత మాట.”

మెకానిక్ చేతులు కడుక్కుని వచ్చి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఈ కార్బొరేటర్‌ను ముందు బాగుచేసినవాడు స్లైడును గీకి పాడుచేశాడు. రేసు పట్టేయడానికి, ప్రాణం పోవడానికి ఆ పనే కారణం. కింద సంతకం పెట్టి షాపు ముద్ర వేశాడు. సరిగా పడలేదేమోనని పక్కనే మరోసారి వేశాడు.

“ఇలాంటివాణ్ణి వదలకండి. ఈరోజు మీవాడు, రేపు ఇంకొకడు. లోపల వేయించాల్సిందే. కోర్టుకు పిలిస్తే అక్కడికొచ్చి కూడా ఇదే చెబుతాను.”

మాస్టారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. ‘కారణం’ దగ్గర వేలు పెట్టి కాసేపు ఆగారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. కార్బొరేటర్‌ను మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని లేచారు.

“మీరింత నిక్కచ్చిగా రాసిస్తారని అనుకోలేదండీ.”

“రాయడానికి నాకేం భయం మాస్టారూ?”

“మావాడు దీన్ని చేయించింది మీ దగ్గరే.”