మిరప మొక్కలకు తాళం

"మా చేలు ముంచింది చాలక, ఇప్పుడు మొక్కలు కూడా మాయం చేద్దామని వచ్చావా? సిగ్గులేదంట్రా మీ కంపెనీకి!"

సిద్దికా అరుపుకి విమానాశ్రయంలో లగేజీ లైను మొత్తం వెనక్కి తిరిగింది.

తెల్ల చొక్కా మనిషి ఆమె సూట్‌కేసు తాళం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"అరవకమ్మా. తాళం తీసెయ్యమంటున్నా, అంతే."

"నా పెట్టె, నా తాళం. మధ్యలో నీకేంటి నొప్పి?"

మామూలు తాళం కాదది. మిర్చి గోడౌను తలుపుకి వేసే ఇత్తడి తాళం. సూట్‌కేసేమో మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్ళొచ్చిన చిన్నమ్మది. లోపల చీరలు లేవు, నగలు లేవు. తడి గోనెపట్టాలో చుట్టిన మిరప మొక్కలున్నాయి, వేళ్ళతో, వేళ్ళకంటిన మట్టితో సహా. ఏపుగా ఎదిగి ఒక్క కాయ కూడా కాయని మొక్కలు.

పిడుగురాళ్ల పక్కన సిద్దికా వాళ్ళ పల్లె పల్లెంతా ఒకే కంపెనీ విత్తనం వేసింది. పల్లె పల్లెంతా మునిగింది. కంపెనీ మాత్రం "విత్తనం బంగారం, మీకే సాగు చేతకాలేదు" అని చేతులు దులుపుకుంది. మధ్యాహ్నం ఢిల్లీలో విచారణ. ఈ మొక్కలు అక్కడికి చేరితే ఊరికి న్యాయం. చేరకపోతే ఊరి నోట్లో మట్టి.

అందుకే సిద్దికా, ఆమె పొలం పక్క రైతు బాపయ్య, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కుతున్నారు.

తెల్ల చొక్కా గొంతు తగ్గించాడు.

"మట్టి, వేళ్ళు మిషన్లో కనపడగానే తెరవమంటారమ్మా. తాళం ఉంటే పగలగొడతారు. లేదంటే పెట్టెని పక్కన పడేస్తారు. మీరు ఢిల్లీలో ఉంటారు, మొక్కలు ఇక్కడ వాడిపోతాయి."

"తాళం తీస్తే? మీవాళ్ళు చెయ్యి దూర్చి, మా మొక్కలు లాగేసి, కాయలున్నవి పెడతారు. అంతేగా నీ ఎత్తు?"

"మావాళ్ళెవరమ్మా?"

అంతవరకు అతని మొహంలోకే చూస్తున్న బాపయ్య ఒక్కసారిగా తొడ చరిచాడు.

"అమ్మాయ్, గుర్తొచ్చాడు! మనూళ్ళో విత్తనాల మీటింగు పెట్టి మైకులో ఊదరగొట్టింది ఈడే! కాయ బరువుకి కొమ్మలు విరుగుతాయన్నాడే, ఆ మొనగాడు!"

ఆ మనిషి మొహం పాలిపోయింది. కానీ కాదనలేదు.

"అన్నాను పెద్దాయనా. ఇక్కడ ఇంతకంటే మాట్లాడలేను. ఎవరు వింటున్నారో తెలీదు. మీరు వేళకి విచారణకి చేరండి, చాలు. తాళం మాత్రం తీయండి."

"విచారణ సంగతి నీకెట్టా తెలుసు?"

అతను అటూ ఇటూ చూసి మళ్ళీ తాళం వైపే వేలు చూపించాడు.

ఇంకేం కావాలి సిద్దికాకి? "సెక్యూరిటీ బాబూ! ఇటు రండి! మా పెట్టె మీద చెయ్యేశాడు, పట్టుకోండి!"

జవాన్లు వచ్చి అతన్ని చెరో రెక్కా పట్టుకున్నారు.

"ఫిర్యాదు ఇస్తారా?"

"ఇవ్వకేం? భేషుగ్గా ఇస్తా!"

లాక్కెళ్తుంటే అతను తన గురించి ఒక్క ముక్క చెప్పుకోలేదు. మెడ తిప్పి ఒకటే అరిచాడు.

"తాళం తీసెయ్యమ్మా!"

లైనంతా ఘొల్లున నవ్వింది. బాపయ్య మీసం దువ్వాడు.

"కంపెనీని నడిబజార్లో నిలబెట్టావమ్మాయ్! ఇక గెలిచినట్టే!"

విమానం నేల విడిచింది. "ఓరి నాయనో" అంటూ బాపయ్య పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. సిద్దికా మాత్రం కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ తనలో తను నవ్వుకుంది.

ఢిల్లీలో దిగాక సూట్‌కేసు వచ్చింది. తాళం లేదు. తాళం వేసిన కొంకి తెగి వేలాడుతోంది.

"చచ్చాం బాబాయ్!"

అక్కడే నేల మీద చతికిలబడి పెట్టె తెరిచింది. మొక్కలున్నాయి. ఒక్క వేరు తెగలేదు.

"ఆడు చెప్పినట్టే పగలగొట్టారే!" బాపయ్య గొణిగాడు.

"ఊరుకో బాబాయ్. నూరు అబద్ధాలు ఆడేవాడు ఒక్క నిజం చెప్పకపోతాడా?"

విచారణ హాల్లో సిద్దికా మొక్కలు తీసి పెద్దల బల్ల మీద పరిచింది. మట్టి రాలింది. రాలనీ, ఆ మట్టి తినే కదా బల్లలూ కుర్చీలూ బతికేది!

కంపెనీ లాయరు కుర్చీలోంచి కదలకుండానే నవ్వాడు.

"ఇవి మా విత్తనానికే మొలిచాయని చెప్పేదెవరు? పెరట్లో మొక్క పీక్కొచ్చినా ఇలాగే ఉంటుంది."

రైతుల తరఫు లాయరు శ్రీరమ్య, ఒంగోలు పిల్ల, మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. చివరికి సిద్దికా చెవి దగ్గరికి వంగింది.

"మన సాక్షి రాలేదక్కా. ఫోనెత్తట్లేదు. చెడ్డ విత్తనమని తెలిసే కంపెనీ పంచిందని చెప్పేవాడు, ఆ కంపెనీలోనే పనిచేసిన ఆయనొక్కడే. పేరు పొక్కితే బతకనివ్వరని మీక్కూడా చెప్పలేదు. మీ విమానంలోనే రావాల్సింది."

సిద్దికా బాపయ్య వైపు చూసింది. బాపయ్య నేలకేసి చూశాడు.

విచారణ జరుపుతున్న పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సాక్షి లేనట్టేనా? అయితే ముగిద్దాం."

"ముగించడానికి వీల్లేదు!" సిద్దికా లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఎవరూ లేవొద్దు! ఆ విమానాశ్రయానికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. నా ఫిర్యాదు నేనే వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి. ఆ తెల్ల చొక్కా ఆయన్ని వదిలిపెట్టి, పక్క విమానమెక్కించి, ఇక్కడికి తీసుకురండి. ఆయనొచ్చేదాకా ఈ విచారణ ఆపండయ్యా, నేను పట్టిచ్చిన మనిషే మా సాక్షి!"