కాటా మాట

మందరగిరిని వీపున మోస్తూ, మోస్తున్నట్టు ముఖాన కనిపించనీయని కూర్మమూర్తికి ముందుగా నమస్కారం. బరువుల కథలన్నిటికీ ఆయనే సాక్షి.

పికప్పు బండి రెండు టన్నులు లాగగలదని కంపెనీ కాగితంలో ఉంది. డ్రైవరు ఆ అంకెను నమ్మలేదు.

"వాళ్లు రాసేది ఖాళీ బండికి, చదును రోడ్డుకి," అన్నాడు భార్యతో. "మనిద్దరి బరువు, పనిముట్ల పెట్టె బరువు అందులోంచి తీసెయ్యాలి. ట్రెయిలరు ముక్కు కొక్కెం మీద వాలుతుందే, ఆ బరువూ బండి మీదే పడుతుంది. ఆపైన ఘాట్ రోడ్డు. లాగడం గొప్ప కాదు. దిగేటప్పుడు వెనకనుంచి ఇల్లు తోస్తుంటే ఆపగలగాలి."

వెనక ఉన్నది నిజంగా ఇల్లే. చక్రాల మీద ఒక గది, వంటగట్టు, మంచం. రోడ్డు పనులు ఎక్కడ జరిగితే అక్కడికి ఆ దంపతుల కాపురం కదిలేది. ఇప్పుడు కాంట్రాక్టరు పిలుపు కొండల అవతలినుంచి వచ్చింది. వారంలోగా చేరాలి, చేరకపోతే ఆ పని మరొకరిది.

తీసివేతలన్నీ పోగా పదహారు వందల కిలోలు తేలింది. అంతకు మించితే కదిలేది లేదన్నాడు ఆయన.

మనిషి అలసిపోయాడు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. స్టీరింగు మీద కుడిచేయి తిమ్మిరెక్కుతోంది. ఎవరూ చూడనప్పుడు దాన్ని తొడకేసి రుద్దుకుంటున్నాడు. పక్క ఊళ్లో మెకానిక్కుగా ఉన్న కొడుకు, వచ్చినప్పుడు చూడనే చూశాడు. ఆ చేత్తో ఘాటు దిగుతావా అని ఫోనులో పోట్లాడాడు. నీకు పాలపళ్లు రాకముందే దిగానురా అని తండ్రి ఫోను పెట్టేశాడు. కొడుకు తల్లి దగ్గర వాపోయాడు.

"నాన్న మనిషి మాట వినడమ్మా. కాటా మాటే వింటాడు."

ఆవిడ ఊఁ కొట్టింది. ఆ తర్వాత ప్రయాణం గురించి మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. సామాను సర్దుతూ ఉండిపోయింది.

డ్రైవరు అన్నిటికన్నా ముందు ఇంటి అడుగున ఉన్న నీళ్ల ట్యాంకు ఖాళీ చేశాడు. నీరు లీటరుకు కిలో అనీ, చూపుకి ఆనని బరువు అదేననీ ఆవిడకు చెప్పాడు. వేళ్లతో తట్టి చూసి, మర బిగించాడు. ఒకసారి సరిచూసినదాన్ని మళ్లీ సరిచూడడం ఆయనకు నామోషీ.

వీధి చివరి రాళ్ల యార్డులో లారీలు తూచే కాటా ఉంది. ఇంటిని తీసుకెళ్లి దానిమీద నిలబెట్టాడు. ఎనభై కిలోలు ఎక్కువ.

"పూలకుండీలు దించేద్దామండీ," అంది ఆవిడ, ఆయన అడగకముందే.

కుండీలు దిగి ఇంటి పక్కనే కంచె వెంట వరసకట్టాయి. ఆవిడ పైపు లాగి వాటికి నీళ్లు పట్టింది. మర్నాడు తూచితే బరువు తగ్గకపోగా, కాస్త పెరిగినట్టే ఉంది.

డ్రైవరు కాటాను అనుమానించాడు. యార్డు గుమాస్తా నొచ్చుకోకుండా ఒక లారీని రెండుసార్లు ఎక్కించి చూపాడు. ముల్లు తేడా రాలేదు.

"నా కాటా అబద్ధమాడదు బాబాయ్. మీ ఇంటికే నెలలు నిండుతున్నట్టున్నాయి. పిన్నిగారికి చెప్పి పురిటి ఏర్పాట్లు చూసుకోండి."

ఆయన నవ్వలేదు.

ఇనుప కాళ్ల కుట్టుమిషను వంతు వచ్చింది. అది ఆవిడ పంచప్రాణాలు. పట్టుకుని కూడా ఆయనకు ఎత్తబుద్ధి కాలేదు.

"దించండి, పరవాలేదు. చేత్తో కుట్టుకుంటాను," అంది.

పెట్టెడు గిన్నెలు దిగాయి. పరుపు దిగింది. దిగిన సామాను మీద ఆవిడ పరదా కప్పేది, పక్కనున్న కుండీలకు నీళ్లు పట్టేది, మళ్లీ ఏం దించుదామని అడిగేది. ఆవిడ వదులుకుంటున్నకొద్దీ ఆయన తల వంగిపోయింది. కాటా మాత్రం కరగలేదు.

గడువు ముంచుకొచ్చింది. చివరిసారి తూచి వచ్చి, ఆయన ఇంటి మెట్టు మీద కూలబడ్డాడు. చేయి రుద్దుకోవడం దాచుకునే ఓపిక కూడా లేదు.

"ఇల్లు ముసలిదైపోయిందే. పాతచెక్క చెమ్మ పీల్చి బరువెక్కుతుంది," అన్నాడు. "ఇక మనం దించాల్సింది మంచమూ పొయ్యీ. అవీ లేకపోతే దాన్ని ఇల్లెందుకంటాం?"

"అయితే ఎలాగండీ?"

"ఎలాగేముంది. లెక్క ఒప్పుకోవడం లేదు."

కాంట్రాక్టరుకు ఫోను చేశాడు. తనకు చేతకాదని అనలేదు. బండి చాలదన్నాడు. ఆ మాట అన్నాక, కొక్కెం విడిపించిన బండి వెనకభాగంలా, ఆయన భుజాలు కాస్త పైకి లేచాయి.

యార్డు లారీల మరమ్మతులు చూసుకోమని యజమాని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆ పనికి ఒప్పుకున్నాడు. గుమాస్తా ఒక చేయి వేస్తే కుట్టుమిషను మళ్లీ కిటికీ కిందికి చేరింది. పరుపు మంచమెక్కింది. ఆ మధ్యాహ్నం ఆయన పక్క మీద వాలగానే నిద్రపోయాడు. అలా నిద్రపట్టి ఎన్నాళ్లో అయింది.

గురక నిలకడగా వినిపించాక ఆవిడ బయటికి వచ్చి, పూలకుండీల పక్కన వంగి, ఇంటి అడుగున ఉన్న ట్యాంకు మర విప్పింది. నీళ్లు చాలాసేపు పారాయి.

విన్నవారందరి బరువులూ ఆ కూర్మమూర్తి వీపుకు చేరుగాక!