ముప్పై నాలుగు మలుపులు

పెద్దాయన సంచిలోంచి ఎర్ర కలం తీయగానే చిట్టి తన ప్రోగ్రాము కాగితాలను కాస్త వెనక్కి లాక్కుంది.

చిట్టి కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తుంది. పొట్టిగా ఉంటుందని ఆఫీసులో ఆ పేరు ఖాయం చేశారు. ఆఫీసంటే పెద్ద హంగామా ఏమీ కాదు, ఆసుపత్రి మూడో అంతస్తులో రెండు గదులు. అక్కడ తయారయ్యేది అగ్గిపెట్టెంత యంత్రం. ఛాతీలో పెడితే గుండెను కనిపెట్టుకుని ఉంటుంది. లయ తప్పితే షాకిచ్చి దారిలో పెడుతుంది. ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చే ప్రోగ్రాము చిట్టిది.

ఉదయమే మేనేజరు చెప్పాడు. "ఒక పెద్దాయన వస్తున్నారు. ఏమడిగినా విసుక్కోకుండా చెప్పు. ఆయన సంతకం పెడితేనే దీన్ని మొదటిసారి మనిషికి పెట్టేది. లేదంటే మన రెండేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే."

తనిఖీకి వచ్చేవాళ్లంటే చిట్టికి చచ్చేంత భయం. పోయినసారి వచ్చినాయన అరగంటలో పక్క గదివాళ్ల పని మూసేయించి, టీ తాగి వెళ్లాడు.

ఈయన టీ కూడా వద్దన్నాడు. "చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదమ్మా. ఇందులో ఎన్ని మలుపులున్నాయి?"

"మలుపులంటే..."

"ఇలా అయితే అటు పో, అలా అయితే ఇటు పో అని రాశావుగా. అవి."

ఆ లెక్క చిట్టికి బాగా తెలుసు. కంప్యూటర్లో మలుపులు లెక్కగట్టే సాధనం రోజూ ఆ అంకెను ఎర్రగా చూపిస్తూనే ఉంది, ఆమె చూడనట్టు నటిస్తూనే ఉంది.

"ముప్పై నాలుగండీ."

"ఎన్ని ఉండొచ్చు?"

"ఒక్కో ముక్కలో పది దాటకూడదని మా రూలు. ఇదంతా ఒకటే ముక్క. గడువు దగ్గరపడి..." అని నసిగింది.

ఆయన తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. కలంతో ఒక్కో దారీ పట్టుకుని నడిచి, పంతొమ్మిదో మలుపు దగ్గర ఆగాడు.

"నేను మెట్లెక్కి, రొప్పుతూ వచ్చి ఈ కుర్చీలో కూలబడ్డాననుకో. నన్నేం చేస్తుంది?"

చిట్టి చదివింది. మళ్లీ చదివింది. తను రాసిందే తనకు కొరుకుడు పడలేదు. గుండె వేగంగా కొట్టుకుంటోంది, మనిషి కదలడం లేదు, అంటే...

ఏమీ చెయ్యదని చెప్పేస్తే సరి. ఆయనకేం తెలుస్తుంది? సంతకం పడిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"షాకు కొడుతుందండీ," అంది. "బాగున్న గుండెకే."

ఆయన కలం దించి, కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. వయసు మీద పడింది పాపం, అనుకుంది చిట్టి.

"నాకర్థమయ్యేలా రాసుకురా," అన్నాడు. "పది రోజులు ఆగుతాను. అంతకు మించి ఆగలేను."

ఆ పది రోజులూ చిట్టికి కంటి మీద కునుకు లేదు. చిక్కుముడిని విప్పి తొమ్మిది చిన్న ముక్కలు చేసింది. ఒక్కో ముక్కకు ఒక్కటే పని, చదవగానే తెలిసే పేరు. 'గుండె పరుగెడుతోందా.' 'మనిషి ఇప్పుడే అలసిపోయాడా.' ఎందులోనూ ఆరు మలుపులు దాటలేదు. విప్పుతుంటే ఇంకో తప్పు బయటపడింది. ఇది ఇన్నాళ్లూ ఇక్కడే నక్కి ఉందా అనుకుంది. దాన్నీ సరిచేసి, పరీక్షలన్నీ మొదట్నుంచీ నడిపింది.

పదో రోజు పెద్దాయన పేపరు చదివినట్టు గడగడా చదివేశాడు. ఎర్ర కలం ఎక్కడా ఆగలేదు.

"మెట్లెక్కి కూర్చుంటే నిమిషం ఆగి చూస్తుందన్నమాట."

"అవునండీ. తగ్గుతుంటే ఊరుకుంటుంది."

"ఇంకేమైనా మిగిలిందా తల్లీ? నిజం చెప్పు."

"నాకు తెలిసినంతవరకు లేదండీ. కానీ భయంగానే ఉంది."

"నాకూ అంతేలే," అంటూ ఆయన జేబులోంచి మడత కాగితం తీశాడు.

సంతకం పెట్టి, కలం చిట్టి చేతిలో ఉంచి, చక్రాల కుర్చీతో గుమ్మంలో నిలబడ్డ నర్సును చూసి, "పదమ్మా, ఇక నా గుండెకు పెట్టెయ్యండి," అంటూ పెద్దాయన చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.