పదకొండో అంశం

వెనక గదిలో మొదటి పక్షం. ముందు గదిలో రెండో పక్షం. మధ్యలో తొమ్మిది అడుగుల నడవా.

మధ్యవర్తి పొద్దుటి నుంచి ఆ నడవాలోనే అటూ ఇటూ తిరుగుతోంది. విదేశంలో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు చదువుతోంది. రెండో ఏడాది. సెలవుల్లో ప్రతి విద్యార్థీ నిజమైన తగాదా ఒకటి చూసుకుని, రాజీ కుదిర్చి, నివేదిక రాయాలి. అదే పరీక్ష. తగాదా దొరక్క తోటివాళ్లు ఊళ్లు తిరిగారు. ఈమె పెద్దగా వెతకలేదు.

మొదటి పక్షం బస్సు డ్రైవరు. రెండో పక్షం ఆయన భార్య, ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు విడిపోతున్నారు. సాయంత్రం నాలుగింటికి లాయరు ఆఫీసు మూసేస్తారు. ఈలోగా ఒప్పందం మీద ఇద్దరి సంతకాలూ పడితే గౌరవంగా ఎవరిదారిన వాళ్లు పోవచ్చు. లేకపోతే కోర్టు చుట్టూ ఇంకెన్నేళ్లో. మధ్యవర్తికి రేపే తిరుగు ప్రయాణం.

ప్రొఫెసర్ పద్ధతి కచ్చితమైనది. పక్షాలను ఒకే గదిలో కూర్చోబెట్టకూడదు. ఎవరినీ పేరుతో గానీ వరసతో గానీ పిలవకూడదు. ఒక గది మాటను ఇంకో గదికి మోసేటప్పుడు అందులో వేడి తీసేయాలి. ముఖంలో ఏమీ కనపడకూడదు. సులువైన అంశాలు ముందు, కష్టమైనది ఆఖరున.

మొదట్లో డ్రైవరుకు ఇది నవ్వులాటగా ఉంది.

“నువ్వు మీరూ గీరూ అంటుంటే ఆర్టీవో ముందు కూర్చున్నట్టుందమ్మా,” అన్నాడు.

మధ్యవర్తి నవ్వలేదు. రెండో అంశం చదివింది.

ఫ్రిజ్ ఆవిడకు. బీరువా ఆయనకు. ఆయన డిపో దగ్గర చూసుకున్న గదికి వెళ్లేదాకా వంటిల్లు నిస్సైనిక ప్రాంతం. అంటే అక్కడ ఎవరూ తగువు పెట్టుకోకూడదని అర్థం చెప్పాక ఇద్దరూ విడివిడిగా ఒప్పుకున్నారు.

నిచ్చెన దగ్గర బండి ఆగిపోయింది. ఇద్దరికీ నిచ్చెన కావాలి. ఆయన ఉండబోయే గదికి అటకే లేదని ఆవిడ, ఆవిడ స్టూలు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయని ఆయన. గంటంపావు నడిచింది.

“ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాను. నా మీద ఒక్క ప్రయాణికుడు కంప్లెయింట్ ఇవ్వలేదని చెప్పు ఆవిడకి,” అన్నాడు డ్రైవరు.

మధ్యవర్తి నడవా దాటి చెప్పింది.

“ఎవరిస్తారు? స్టాపు రాగానే బతుకుజీవుడా అని దిగిపోయుంటారు,” అంది ఆవిడ, మిషన్ ఆపకుండా.

మధ్యవర్తి వెనక్కి వచ్చి, రెండో పక్షం మీ సర్వీసును కొన్ని అభ్యంతరాలతో గుర్తించిందని చెప్పింది. డ్రైవరు కాసేపు ఆలోచించి, నిచ్చెన వదిలేశాడు.

ఏడో అంశం మధ్యలో ఆవిడ మధ్యవర్తి చెయ్యి పట్టుకుని లాగింది. చొక్కా చేతి గుండీ వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కించి, మాట్లాడుతూనే కుట్టేసి, దారం పంటితో తెంచింది. పక్షాల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని నియమం. గుండీ పాతదే కాబట్టి కానుక కిందికి రాదని మధ్యవర్తి నోట్సులో రాసుకుంది.

రెండింటికి పది అంశాలు అయిపోయాయి. పదకొండోది మిగిలింది.

దాని కోసం ఆమె రాత్రంతా కూర్చుని మూడు ప్రతిపాదనలు తయారుచేసింది. చెరి సగం రోజులు. ఏడాదికొకరు. అదీ కుదరకపోతే చీటీ వేయడం. నిచ్చెనకే గంటంపావు పడితే దీనికి నాలుగు దాటిపోతుందేమో అనుకుంది. డ్రైవరు ముందు కూర్చుని, కాగితం మీంచి కళ్లు ఎత్తకుండా చదివింది.

“పదకొండో అంశం. పక్షాల ఏకైక సంతానం సెలవుల్లో ఎవరి దగ్గర ఉండాలి.”

డ్రైవరు చెప్పులు చూసుకున్నాడు.

“అక్కడే ఉండనీ. నాది ఒంటి గది కదా. నాకేం అభ్యంతరం లేదని రాసుకో.”

తరగతిలో దీన్ని ఏకపక్ష రాయితీ అంటారు. అంతకన్నా పెద్ద విజయం లేదంటారు. మధ్యవర్తి రాసుకుంది. నడవా దాటింది. అదే వాక్యం మళ్లీ చదివింది.

ఈసారి మిషన్ ఆగింది.

“ఆయన దగ్గరే ఉండనీ. ఇంకో మిషన్ తెస్తున్నా, ఇక్కడ పడుకునే చోటెక్కడ?” అని, ఆవిడ మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

పొద్దుటి నుంచి ఎవరూ నచ్చజెప్పకుండానే ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చింది ఈ ఒక్క అంశంలోనే. మధ్యవర్తి నడవాలో నిలబడింది. ఏమైనా అనిపిస్తుందేమోనని చూసింది. ఏమీ అనిపించలేదు. ప్రొఫెసర్ చెప్పే తటస్థత ఇదే కాబోలు అనుకుంది. మూడు ప్రతిపాదనలనూ మడిచి జేబులో పెట్టుకుంది. పదకొండో అంశం ఎదురుగా ‘వివాదం లేదు’ అని రాసింది.

డ్రైవరు సంతకం పెట్టాడు. ఆవిడ చేతికంటిన సుద్ద తుడుచుకుని సంతకం పెట్టింది. రెండున్నర అయింది. సాక్షి కోసం ఇంకెవరినీ వెతకక్కర్లేదు, మీరే పెట్టేయండని లాయరు ఫోన్లో చెప్పాడు.

మధ్యవర్తి సాక్షిగా తన పేరు రాసింది, తేదీ వేసింది, ‘పక్షాలతో సాక్షికి గల సంబంధం’ అన్న గడిలో ‘కూతురు’ అని రాసింది.