మూడు నుంచి నాలుగు

పుస్తకంలో తొమ్మిది గడులు ఖాళీగా ఉన్నాయి.

టీచరమ్మ ఒక్కొక్క గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసింది. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో హాజరు పట్టీలు దిద్దిన చెయ్యి. గీత ఎక్కడా వంకర పోలేదు.

ఆగమన కాలపు గొలుసు ప్రార్థన ఆమె ఆలోచనే. క్రిస్మస్ దాకా, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, ప్రార్థన గది ఒక్క నిమిషం ఖాళీగా ఉండకూడదు. గంటకొకరు మోకరించాలి, లేచి తమ గడిలో సంతకం చేయాలి. ప్రభువు ఏ గడియలో తిరిగి వచ్చినా సంఘంలో ఒక్కరైనా మేలుకొని కనబడాలి. కుర్రకారు ఆమెకు చాటుగా ‘గోడగడియారం’ అని పేరు పెట్టారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. మెచ్చుకోలుగానే తీసుకుంది.

రెండు నుంచి మూడు ఆమె వంతు. ఈ నెల మొదట్లో వరుసగా ఆరు రోజులు, సరిగ్గా ఆ గంటలోనే, ఒకే నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆమె కళ్ళు తెరవకుండానే నొక్కి ఆపేసింది. తర్వాతైనా ఎవరని కనుక్కోలేదు. ఏడో రోజు ఫోను ఆ గదిలోనే మరిచిపోయి, నాలుగు దాటాక వెళ్ళి తెచ్చుకుంది. మర్నాటి నుంచి ఆ పీడ వదిలింది.

వదిలిందనుకుంటే, ఈ ఖాళీ గడుల పీడ మొదలైంది.

మూడు నుంచి నాలుగు మిషనమ్మ వంతు. కుట్టుమిషను తొక్కి బతికే మనిషి కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. తొమ్మిది రోజులుగా మనిషి పత్తా లేదు. గొలుసు తెగకుండా ఆ గంట కూడా టీచరమ్మే, నొప్పుల మోకాళ్ళతో, నిలబెట్టింది. గడిలో మాత్రం సంతకం చేయలేదు. ఒకరి గడిలో మరొకరు చెయ్యి పెట్టడం ఆమె దృష్టిలో దొంగతనం.

శనివారం పొద్దున్నే మిషనమ్మ దుకాణానికి వెళ్ళి నిలదీసింది.

“మూడింటికి ఎక్కడికి పోతున్నావు?”

మిషను చక్రం ఆగింది. యాభై దాటిన మిషనమ్మ తల ఎత్తలేదు.

“ప్రార్థనకేనండీ.”

“ఏ గదిలో? నేనక్కడ మోకాళ్ళు అరగదీసుకుంటుంటే నీ నీడైనా కనబడలేదే!”

“చెప్పకూడదండీ. మీకైతే అసలే చెప్పలేను.”

“ఓహో! రేపు ప్రభువు వచ్చి ఎదురుగా నిలబడితే ఆయనకేం చెబుతావు?”

మిషనమ్మ దారాన్ని పంటితో తెంపింది. “ఆయనకు తెలుసండీ.”

ఆ జవాబు టీచరమ్మకు ముల్లులా దిగింది. తిన్నగా పాస్టరుగారి ఇంటికి నడిచింది.

“రేపు ఆరాధనలో, తప్పు చేసిందని ఆవిడ పేరు చదవండి అయ్యగారూ. క్రిస్మస్ నాడు ప్రభువు బల్ల దగ్గర ఆవిడకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదు.”

పాస్టరుగారు నుదురు రుద్దుకున్నారు. “ఈ సంఘం తప్ప ఆవిడకు ఎవరున్నారమ్మా? అనాథ శరణాలయంలో పెరిగిన మనిషి. బల్లకు దూరం చేస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు.”

“సిద్ధపడని వాళ్ళు తలుపు బయటే ఉండాలి. ఆ నియమం నేను పెట్టింది కాదు.”

“అయితే ముందు కళ్ళారా చూసి రండి. తర్వాత చదువుతాను. మీ గంటా ఆవిడ గంటా ఇవాళ నేనే మోకరిస్తాను.”

రెండున్నరకు దుకాణం తలుపు సగానికి దిగింది. మిషనమ్మ భుజాన గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తున్న ఫ్లాస్కు మూత. టీచరమ్మ పాతిక అడుగులు వెనక నడిచింది. జిరాక్సు కొట్టు దాటారు. వరసగా మందుల షాపులు దాటారు. పెద్ద గేటు. ఆసుపత్రి. మిషనమ్మ రెండో అంతస్తుకు మెట్లెక్కి, బల్ల మీది పుస్తకంలో ఏదో రాసి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

టీచరమ్మ రొప్పుతూ బల్ల దగ్గరకు చేరింది. నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగండమ్మా. ఈ వార్డులోకి రక్తసంబంధీకులకే ప్రవేశం.”

“మరి ఇప్పుడు వెళ్ళిందే, ఆవిడ?”

“ఆవిడ సొంతమనిషండీ. మొదట్లో మేం ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. పాత పంతం కాబోలు. ఒకరోజు ఆలస్యమై మూడు దాటాక చేస్తే ఎత్తారు, మర్నాటికల్లా వచ్చేశారు. అప్పటి నుంచి ఒక్కరోజూ తప్పలేదు. తల దువ్వుతారు, పక్కన కూర్చుని ప్రార్థన చేస్తారు. మూడయ్యేసరికి ఆ పేషెంటు కళ్ళు తలుపు మీదే ఉంటాయి, ఎవరో దేవుడు వస్తున్నట్టు.”

టీచరమ్మ వెన్ను నిటారు చేసింది. ఖాళీ గడులు ఇక చిన్న నేరం. ఇది అబద్ధం, అదీ రాతపూర్వకంగా.

“మిమ్మల్ని మోసం చేసింది” అంది, ఒక్కో మాటా విడివిడిగా. “ఈ లోకంలో ఆవిడకు రక్తసంబంధమంటూ ఎవరూ లేరు. నేను సాక్ష్యం చెబుతాను. ఏమవుతానని రాసింది? చూపించండి.”

నర్సు గబుక్కున లేచింది. పుస్తకం ఇటు తిప్పింది. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఎర్ర కలం మూత తీసి, వేలు పెట్టి చదివింది.

ఇవాళ్టితో కలిపి పది వరుసలు, ప్రతి వరుసలోనూ సంబంధం గడిలో ‘తోడబుట్టిన అక్క’ అని, వచ్చినవారి పేరు గడిలో కుట్టులాంటి పొందికైన అక్షరాలతో, పదమూడేళ్ళ కిందట చెల్లెలి మొహం మీద తలుపు వేసిన తన పేరే ఉంది.